కొబ్బరి నీడలో కోకో: గింజ నుంచి కాయ దాకా ప్రాజెక్టు డైరీ

స్థలం కోనసీమలో అర ఎకరం పాత కొబ్బరి తోట. చెట్టుకీ చెట్టుకీ 25 అడుగుల ఎడం, ఇసుక కలిసిన ఒండ్రు నేల. కోకోను గింజ నుంచి పెంచి కాయ కాయించాలి, కాయ పట్టకపోతే కారణం తేల్చాలి. దిగుబడి ఒక్కటే కావాల్సినవాళ్లు నర్సరీలో అంటు మొక్కలు కొనుక్కోండి, రెండేళ్లు కలిసొస్తాయి. ఒక వానాడవి చెట్టు మన వేసవిలో ఎక్కడ ఎందుకు మొరాయిస్తుందో చూడాలనుకునేవారికి ఈ డైరీ.

చెట్టు గురించి ఇంత గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా దీనికే ముడిపడి ఉంది. దీని సొంత ఊరు ఎగువ అమెజాన్. పెద్ద చెట్ల కింద, గాలి ఆడని చోట, ఏడాదంతా తడి ఆరని నేల మీద పెరిగే చిన్న చెట్టు. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు థియోబ్రోమా కకావో. బెండ, పత్తి, మందార ఉన్న కుటుంబమే దీనిదీ. కానీ పత్తికి నచ్చే ఎండ దీనికి పడదు.

దశ 1: గింజలు (జనవరి 2021)

మొదట వచ్చినవి విత్తనం పేరుతో అమ్మిన ఎండు గింజలు, 30. ఒక్కటీ మొలవలేదు. పక్క తోట బాబాయిగారు చేతిలోకి తీసుకుని చూసి, "ఇవి వేయించుకోడానికేరా అబ్బాయ్, నాటడానికి కాదు" అన్నారు. గింజను కోసి చూస్తే లోపలి పప్పు గోధుమ రంగుకు తిరిగి గలగల్లాడుతోంది. బతికున్న గింజను కోస్తే బీజదళాలు ఊదా రంగులో, తడిగా, ముడతలు ముడతలుగా ఒకదాన్నొకటి అతుక్కుని ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా ఉన్న ఫొరాస్టెరో రకానికి ఈ ఊదా రంగు ఉంటుంది, క్రియోల్లో గింజ తెల్లగా ఉంటుంది.

కోకో గింజకు నిద్రావస్థ లేదు. వడ్లలా, కందుల్లా ఎండబెట్టి దాచేది కాదు. తడి నేల మీద పడి వెంటనే మొలవాల్సిన గింజ కాబట్టి ఎండటాన్ని తట్టుకునే ఏర్పాటే దానికి లేదు. కాయలోంచి తీసి ఆరనిస్తే వారం తిరక్కుండానే చచ్చిపోతుంది. కాయ మరీ పండితే లోపలే మొలకెత్తుతుంది.

రెండో విడతకు తోటలో కోసిన కాయలే తెచ్చాను.

- కాయ బి: 34 గింజలు. 17 జిగురుతోనే నాటాను, 17 రంపపు పొట్టుతో రుద్ది జిగురు తీశాక నాటాను.
- కాయ సి: కోసిన కాయను ఎనిమిది రోజులు నీడలో అలాగే ఉంచి, అప్పుడు పగలగొట్టాను. 33 గింజలు, అన్నీ రుద్ది నాటాను.

జిగురుతో నాటినవాటికి రెండో రోజుకే చీమలు పట్టాయి, తరవాత బూజు వచ్చింది. 17లో 9 మొలిచాయి. రుద్దినవాటిలో 17కి 15. ఎనిమిది రోజులు కాయలోనే ఉన్నవాటిలో 33కి 31. గింజను దాచడానికి దాని కాయను మించిన డబ్బా లేదు. దూరం నుంచి తెచ్చుకునేవారు గింజలు కాకుండా కాయలే తెచ్చుకోండి.

నాటే పద్ధతి:

1. గుప్పెడు రంపపు పొట్టుతో గింజను గట్టిగా రుద్ది, నీళ్లలో కడిగి, అదే రోజు నాటాలి.
2. కాయలో నడిమి కాడకు అతుక్కుని ఉండే కొస కిందికి రావాలి, వేరు అక్కడినుంచే వస్తుంది. ఆ కొస గుర్తుపట్టలేకపోతే అడ్డంగా పడుకోబెట్టండి.
3. గింజ లోతు కప్పితే చాలు. ఎక్కువ మట్టి వద్దు.
4. నీళ్లు రోజూ చిలకరించాలి, సంచిలో నిలవకూడదు.

మొలక వారానికి మొదలై రెండు వారాల్లో ముగుస్తుంది. మొలక కాడ సాగుతూ బీజదళాలను మట్టిపైకి ఎత్తుకొస్తుంది. తలకిందులుగా పడిన గింజ కూడా మొలుస్తుంది కానీ కాడ గుండ్రంగా మెలిక తిరిగి పైకొస్తుంది. ఆ మెడ వంకర పెద్దయ్యాక కూడా పోదు. అలాంటివి 6 తీసేశాను.

లెక్క: తాజా గింజలు 67, మొలిచినవి 55, వంకర తీసేశాక 49.

దశ 2: సంచుల్లో మొక్కలు (ఫిబ్రవరి–జూన్ 2021)

మట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో. 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టాను. మధ్యాహ్నం వెలుగును కొలిచే లక్స్ మీటరు పెట్టి చూస్తే బయటి వెలుగులో దాదాపు సగమే పడుతోంది, అది సరిపోయింది. నెట్ అంచున ఉన్న వరుసకు మాత్రం సాయంత్రపు ఎండ పక్కనుంచి తగిలేది. ఏప్రిల్లో ఆ వరుసలో 4 మొక్కలు ఆకు అంచుల నుంచి మాడుతూ పోయాయి. నెట్‌ను పడమటి వైపు నేల దాకా దించాక ఆ నష్టం ఆగింది.

పెద్ద నష్టం నీటివల్ల. సంచుల అడుగు చిల్లులు మట్టితో మూసుకుపోయిన చోట కాడ మొదలు నల్లబడి, పైనుంచి ఆకులు వాలి 7 మొక్కలు చచ్చాయి. ఇది ఫైటోఫ్తోరా, నీళ్లు నిలిచిన చోట శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులు. సంచులను నేల మీద నుంచి తీసి ఇటుకల మీద పరిచిన కొబ్బరి డొక్కల మీద పెట్టాను. అంతే మార్చింది. మందు కొట్టలేదు, మళ్లీ రాలేదు.

కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడే విషయం ఒకటుంది. కోకో చిగురు ఆగి ఆగి ఒక్కసారిగా వస్తుంది. లేత ఆకులు ఎర్రగా, మెత్తగా, నీళ్లు లేనట్టు కిందికి వేలాడతాయి. అది వాడిపోవడం కాదు, నీళ్లు పెంచకండి. తొడిమకు రెండు కొసల్లోనూ చిన్న ఉబ్బు ఉంటుంది. ఆకు ముదిరాక ఆ ఉబ్బులే దాన్ని వెలుగును బట్టి తిప్పుతాయి. వేలాడే లేత ఆకుకూ వాడిన ఆకుకూ తేడా తెలియాలంటే ముదురు ఆకులు చూడండి. అవి బిగువుగా ఉంటే మొక్కకు నీళ్లున్నట్టే.

లెక్క: 49లో మిగిలినవి 38. నాటడానికి 24, నిల్వ 14.

దశ 3: తోటలో (జూలై 2021–జూన్ 2022)

రెండు సాళ్లు, సాలుకు 12. కొబ్బరి వరుసల నట్టనడుమ, మొక్కకీ మొక్కకీ 10 అడుగులు. గుంత 50 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. పైమట్టి, ఎరువు కలిపి నింపాను.

పాత కొబ్బరి తోట పైనుంచి బాగానే నీడ ఇస్తుంది. కానీ కొబ్బరి మొదళ్ల మధ్య అంతా ఖాళీ. పక్కనుంచి వచ్చే ఎండనూ, వడగాలినీ ఆపేది లేదు. అడవిలో అయితే కింద పొదలు, మధ్యలో చిన్న చెట్లు గాలిని ఆపుతాయి. మే నెలలో ఆకుల అంచులు కాలి, చిగురు పురి విప్పకముందే రాలి, 5 మొక్కలు పోయాయి. అన్నీ పడమటి అంచువే.

అప్పుడు చేసినవి:

1. ప్రతి మొక్కకూ పడమటి వైపు నాలుగడుగుల దూరంలో ఒక అరటి పిలక.
2. పాదు మీద జానెడు మందాన ఎండు కొబ్బరాకు ముక్కలు, అరటాకులు. మొదలుకు ఆనకుండా బెత్తెడు ఖాళీ.
3. వేసవిలో రోజు విడిచి రోజు చెట్టుకు 15 లీటర్లు.

పాదులో రెండంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి మధ్యాహ్నం కొలిస్తే, ఆకు పరచని చోట 41 డిగ్రీలు, పరిచిన చోట 32. కోకో వేళ్లలో ఎక్కువ భాగం పైమట్టిలోనే పరుచుకుంటాయి, కాబట్టి ఈ తొమ్మిది డిగ్రీలు చాలా పెద్ద తేడా. ఈ ప్రాజెక్టులో ఒక్క పనికే సమయం ఉందంటే నేనైతే ఈ ఆకు పరచడమే ఎంచుకుంటాను.

లెక్క: 24లో పోయినవి 5, నిల్వ నుంచి నింపినవి 5. తోటలో 24, నిల్వ 9.

దశ 4: కొమ్మలు విప్పడం (2022–2023)

గింజ మొక్క నిటారుగా ఒకే కాండంగా పెరుగుతుంది, దాని చుట్టూ ఆకులు మెలిక మెట్లలా అమరుతాయి. ఒక ఎత్తుకు వచ్చాక కొన మొగ్గ ఆగిపోయి, అక్కడే ఒకే మట్టంలో మూడు నుంచి ఐదు కొమ్మలు అడ్డంగా విచ్చుకుంటాయి. దీన్నే జోర్కెట్ అంటారు. అడ్డ కొమ్మల మీద ఆకులు అటొకటి ఇటొకటిగా రెండు వరుసల్లోనే వస్తాయి. ఒకే చెట్టులో రెండు రకాల పెరుగుదల అన్నమాట. అడ్డ కొమ్మ నుంచి తీసిన అంటు నిటారుగా లేవదు, పొదలా పరుచుకుంటుంది. నిటారు రెమ్మ నుంచి తీసిన అంటు గింజ మొక్కలాగే పెరుగుతుంది. అంటు కొనేవాళ్లు ఏ రెమ్మ నుంచి కట్టారో అడిగి తెలుసుకోండి.

జోర్కెట్ ఎత్తు కొలిస్తే 24 చెట్లలో 82 సెంటీమీటర్ల నుంచి 158 దాకా ఉంది. ఎండ ఎక్కువ తగిలినవి పొట్టిగానే విచ్చుకున్నాయి. మీటరు లోపు విచ్చుకున్న 6 చెట్ల కింద నడవడం, కత్తిరించడం, పాదు చూడటం కష్టమైంది. వాటిలో జోర్కెట్ కింద నుంచి వచ్చిన నిటారు రెమ్మను ఒకదాన్ని ఉంచాను. అది పైకి వెళ్లి రెండో అంతస్తు కట్టింది. మిగతా 18 చెట్లలో అలాంటి రెమ్మలు కనపడగానే తీసేయాలి. లేకపోతే బలమంతా వాటికే పోతుంది.

దశ 5: పూత ఉంది, కాయ లేదు (జూన్–ఆగస్టు 2024)

2023 చివర్లోనే కాండం మీద పూలు మొదలయ్యాయి. కోకో పూలు కొత్త రెమ్మలకు రావు. పాత ఆకు రాలిన చోట బెరడు మీద చిన్న దిండులా ఉబ్బుతుంది, ఏటేటా ఆ దిండు నుంచే పూస్తుంది. ఆ బెరడును గీకితే, అక్కడ కొడవలి తగిలితే, ఆ చోట పూత పోతుంది.

జూన్ 2024లో 7వ నంబరు చెట్టుకు వారంలో 140 పూలు విచ్చాయి. నిలిచింది ఒక్క పిందె. తోట మొత్తం మీద 6 పిందెలు. కోకోలో నూటికి ఐదు పూలు కూడా కాయ కట్టవన్నది అన్నిచోట్లా ఉన్నదే. కానీ ఇక్కడ నూటికి ఒకటి కూడా దాటలేదు.

చుట్టుపక్కలవారి సలహా బోరాన్ అనే సూక్ష్మ పోషకం కొట్టమని. కొట్టేముందు పూవును భూతద్దం కింద పెట్టి చూశాను. సెంటీమీటరు కాస్త దాటిన పూవు. ఐదు రక్షక పత్రాలు, ఐదు ఆకర్షక పత్రాలు, మధ్యలో కంచెలా నిలబడ్డ ఐదు ఊదా రంగు వంధ్య కేసరాలు, అంటే పుప్పొడి లేనివి. అసలు కేసరాలు ఐదూ బయటికి కనపడవు. ప్రతి ఆకర్షక పత్రం అడుగున ఒక చిన్న సంచి ఉంది, పుప్పొడి తిత్తి ఆ సంచిలో దాక్కుని ఉంటుంది. పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి లేవదు. తేనెటీగ ఆ సంచిలో దూరలేదు. ఆ పని చేసేవి ఫోర్సిపోమియా అనే, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల బుల్లి ఈగలు. వాటి పిల్లలు పెరిగేది తడిగా కుళ్లుతున్న ఆకుల్లో, అరటి బోదెల్లో, కోకో కాయ తొక్కల్లో.

అసలు ఆధారం పూలు రాలే రోజులో దొరికింది. పూవు తెల్లవారుజామున విచ్చుతుంది. పుప్పొడి అందకపోతే మర్నాటికల్లా రాలుతుంది. పుప్పొడి అంది, అది సరిపడనిదైతే పూవు మూడు నాలుగు రోజులు ఆగి రాలుతుంది. కోకోలో పుప్పొడి నాళం అండం దాకా వెళ్తుంది, అడ్డు పడేది చివరి కలయిక దగ్గర. అందుకే ఆలస్యం. అంటే రాలిన రోజును బట్టి జబ్బు ఎక్కడుందో చెప్పొచ్చు. కొత్తగా విచ్చిన 100 పూలకు రంగు దారాలు కట్టి చూస్తే 88 రెండో రోజుకే రాలాయి, 10 మూడు నాలుగు రోజుల మధ్య రాలాయి, 2 నిలిచాయి. ఎక్కువ పూలకు ఈగే రాలేదు. బోరాన్ పక్కన పెట్టేశాను.

పాదుల మధ్య నేలను అప్పటికి నేను శుభ్రంగా ఊడిపించేవాణ్ణి, పిండినల్లికి పొద్దుటే మందు కొట్టించేవాణ్ణి. రెండు సాళ్లకూ నీడ ఒకేలా ఉందని మీటరుతో చూసుకుని, తూర్పు సాలును అలాగే ఊడ్చి ఉంచాను. పడమటి సాలులో గెల కొట్టిన అరటి బోదెలను అడుగు ముక్కలుగా నరికి, నిలువునా చీల్చి, పాదుల మధ్య పేర్చి రోజూ తడిపాను. మందు రెండు సాళ్లకూ ఆపి, పిండినల్లికి సాయంత్రాలు వేపనూనె సబ్బు నీళ్లు వాడాను. ఆరు వారాల తరవాత సాలుకు 300 పూలు గుర్తుపెట్టి చూస్తే:

- తూర్పు సాలు: నిలిచినవి 5.
- పడమటి సాలు: నిలిచినవి 14.

రెండు సాళ్ల మీద చూసిన లెక్క, అంతకుమించి దీన్ని సాగదీయను. కానీ ఖర్చు లేని పని, తోటలో పారేసే బోదెలతో అయ్యే పని. ఆ తరవాత తూర్పు సాలుకూ అదే చేశాను. కొబ్బరి తోటల్లో చీపురుతో ఊడ్చినంత శుభ్రం మనకు మర్యాద, కోకోకు మాత్రం అది పస్తు.

దశ 6: ఎవరి పుప్పొడి ఎవరికి (ఆగస్టు–సెప్టెంబర్ 2024)

మూడు నాలుగు రోజులు ఆగి రాలినవాటి సంగతి తేల్చడానికి చేతితో పుప్పొడి పెట్టాను.

1. ముందురోజు సాయంత్రం ఉబ్బి తెల్లబారిన మొగ్గను ఎంచుకోవాలి. ఒక కొసకు పలచని గుడ్డ కట్టిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని దానిమీద పెట్టి, పిల్లలాడుకునే రంగు మైనంతో బెరడుకు అంటించాలి.
2. మర్నాడు ఉదయం 7 నుంచి 9 లోపు, తండ్రి చెట్టు నుంచి అప్పుడే విచ్చిన పూవు కోయాలి.
3. సన్నని పట్టకారుతో ఒక్కో ఆకర్షక పత్రాన్ని వెనక్కి లాగితే సంచిలోంచి కేసరం బయటపడుతుంది.
4. తల్లి పూవులో రెండు మూడు వంధ్య కేసరాలను విరిచి దారి చేయాలి. అండాశయాన్ని తాకొద్దు.
5. రెండు మూడు కేసరాలను కీలాగ్రం మీద రుద్ది, గొట్టం తిరిగి పెట్టి, చీటీ కట్టాలి. మూడో రోజు, ఐదో రోజు చూడాలి.

7వ చెట్టు తల్లిగా, ఒక్కోదానికి 40 పూలు:

- తన పుప్పొడి తనకే: 0.
- 9వ చెట్టుది (7, 9 రెండూ కాయ బి గింజలే): 0.
- 15వ చెట్టుది (కాయ సి): 17.

ఇంకో నాలుగు చెట్లకు తమ పుప్పొడే 20 పూలకు చొప్పున పెట్టాను. మూడింటికి సున్నా. 3వ చెట్టుకు మాత్రం 11 నిలిచాయి. అంటే కొన్ని చెట్లు తమకు తామే కాయ కట్టగలవు, చాలా చెట్లు కట్టలేవు. ఇంటి పెరట్లో ఒకే కోకో చెట్టు పెట్టి ఏళ్ల తరబడి పూతే చూస్తున్నవారు ఎరువు మార్చేముందు, వేరే కాయ నుంచి వచ్చిన ఇంకో చెట్టు నాటండి. అంటు మొక్కలైతే ఒకే క్లోన్‌తో, అంటే ఒకే తల్లి చెట్టు అంట్లతో, తోట నింపకండి, రెండు మూడు కలపండి.

లెక్క: చీటీ కట్టిన పిందెలు: చేతివి 28, సహజంగా నిలిచినవి 32. మొత్తం 60.

దశ 7: పిందె ఎండు (అక్టోబర్–డిసెంబర్ 2024)

60లో 37 పిందెలు పసుపు తిరిగి, నల్లబడి, చెట్టుకే ఎండి వేలాడాయి. వేలంత పొడవున ఉన్నప్పుడే ఎక్కువ పోయాయి, 75 రోజులు దాటాక ఒక్కటీ ఇలా పోలేదు. చూస్తే తెగులులా ఉంటుంది, శిలీంధ్ర మందు కొట్టాలనిపిస్తుంది. తేడా ఇది: తెగులు మచ్చ ఒకచోట మొదలై పాకుతుంది, పిందె ఎండులో కాయంతా ఒకేసారి రంగు మారుతుంది. ఇది చెట్టు తన మోత తానే తగ్గించుకోవడం. చిగురు జోరుగా వచ్చిన వారాల్లోనే ఎక్కువ రాలడం చూసి, నిటారు రెమ్మలను వారం వారం తీసేశాను, నీళ్లు ఎడం లేకుండా ఇచ్చాను. ఎండటం కాస్త తగ్గింది, ఆగలేదు. ఆగుతుందని ఆశపడకండి.

అసలు తెగులు ముసురు పట్టినప్పుడు వచ్చింది. గోధుమ మచ్చ మొదలై రోజుల్లోనే కాయంతా నల్లబడింది. 4 కాయలు పోయాయి. వాటిని కోసి తోట బయట పూడ్చి, ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాను: 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, విడివిడిగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్లో కలపాలి. మిశ్రమంలో ఇనుప కత్తి ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టకూడదు. పడితే ఇంకా సున్నం కావాలి. ఉడతలు, ఎలుకలు 3 కాయలు తిన్నాయి. గట్టిపడ్డాక కాయకు చిల్లుల పాలిథిన్ సంచి కట్టినవి మిగిలాయి.

లెక్క: 60 పిందెలు, పిందె ఎండు తరవాత 23, కుళ్లు తరవాత 19, ఉడతల తరవాత 16.

దశ 8: కోత, పులియబెట్టడం (ఫిబ్రవరి 2025)

పిందె నుంచి పండడానికి ఐదు నుంచి ఆరు నెలలు. కాయ తనంతట తాను పగలదు, రాలదు. అడవిలో కోతులు కాయను కొరికి తీపి గుజ్జు తిని గింజలు ఊసేస్తాయి, చెట్టు ఆ లెక్క మీదే ఉంది. కాబట్టి మనమే కోయాలి, అదీ కత్తితో, తొడిమ కాస్త ఉంచి. మెలిపెట్టి లాగితే దిండు ఊడొస్తుంది, అక్కడ వచ్చే ఏడు పూత ఉండదు.

16 కాయల సగటు బరువు 405 గ్రాములు. చేతితో పుప్పొడి పెట్టినవి 9, వాటిలో సగటున 38 గింజలు. సహజంగా కాసినవి 7, సగటున 29 గింజలు. అండాశయంలో ఎన్ని అండాలున్నా పుప్పొడి ఎంత అందితే గింజలు అన్నే.

పచ్చి గింజలు మొత్తం 1.8 కిలోలు. పులియాలంటే కుప్ప వేడెక్కాలి, అంత కొంచెం వేడెక్కదు. థర్మోకోల్ పెట్టెలో విడిగా పెట్టి చూస్తే రెండు రోజులైనా 36 డిగ్రీలు దాటలేదు, పులిసిన వాసన బదులు ముక్క వాసన మొదలైంది. వెంటనే వల సంచిలో పోసి బాబాయిగారి 60 కిలోల కుప్ప నడుమ పెట్టాను. అక్కడ మూడో రోజుకు 47 డిగ్రీలు వచ్చింది. ఆరో రోజు తీసి ఎండబెడితే 610 గ్రాములు, 545 గింజలు, గింజకు 1.1 గ్రాములు. కోసి చూస్తే ఎక్కువ గింజలు పులిసి లోపల గోధుమ రంగుకు తిరిగాయి, కొన్నింటి నడుమ ఊదా ఇంకా మిగిలింది.

ఇప్పటి స్థితి

చెట్లు 24, నిల్వ మొక్కలు 9. తమ పుప్పొడితో కాయ కట్టనివని తేలినవి 4, కట్టేది 1, పరీక్షించాల్సినవి 19. వచ్చే పూతకు కాయ బి చెట్లను కాయ సి చెట్లన్నిటితో జత కట్టి చూస్తాను. దేనితోనూ కలవని చెట్టు మిగిలితే దాన్ని నరకను. మొదలు నుంచి వచ్చే నిటారు రెమ్మకు 15వ చెట్టు మొగ్గ అంటు కడతాను. 3వ చెట్టు పక్కన ఉన్న అరటి గెల కొట్టడానికి వచ్చింది. ఆ బోదె అక్కడికే.